రాడార్ డిటెక్టర్లను మోగించే పెట్టె మా ఊరి రోడ్డు మీద పెట్టొచ్చా అన్నా?

నల్లగొండ జిల్లా నుంచి ఒక తమ్ముడు రాసిన ఉత్తరం ఇది. పెద్ద ఉత్తరం, పేర్లు తీసేసి క్లుప్తంగా చెబుతున్నాను. చిట్యాలకూ నకిరేకల్‌కూ మధ్య 65వ నంబరు జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న ఊరు. అతనికి బోరు మోటార్ల స్టార్టర్లు, మిక్సీలు, టీవీలు బాగుచేసే షాపు ఉంది. రెండేళ్ల కింద పొద్దున్నే అతని మామ, అంటే భార్య తండ్రి, టీవీఎస్ ఎక్సెల్ మీద పాల క్యాన్లు పెట్టుకుని డివైడర్ సందులోంచి రోడ్డు దాటుతుంటే విజయవాడ వైపు పోయే కారు గుద్దింది. నార్కట్‌పల్లి తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. ఆ తర్వాత కూడా అదే సందు దగ్గర యాక్సిడెంట్లు ఆగలేదు.

ఈ మధ్య అమెరికా నుంచి వచ్చిన ఒకాయన తన కారు వైరింగ్ చూడమని షాపుకు తెచ్చాడు. ముందు అద్దానికి చిన్న నల్ల డబ్బా అంటించి ఉంది, రాడార్ డిటెక్టర్, అంటే దగ్గర్లో పోలీసుల స్పీడ్ రాడార్ ఉంటే మోగి డ్రైవరును హెచ్చరించేది. ఆ రోజే బావమరిది ఆన్‌లైన్లో తెప్పించిన 24 గిగాహెర్ట్జ్ రాడార్ మాడ్యూల్, అంటే రేడియో సిగ్నల్ పంపే చిన్న బోర్డు, ఒకటి బల్ల మీద ఉంది. దానికి కరెంటు ఇవ్వగానే కారులోని డబ్బా ఒకటే కేకలు పెట్టిందట. బావమరిది ఎగిరి గంతేశాడు. విదేశాల వీడియోల్లో చూసింది నిజమేనని తేలింది కదా! ఇక ప్లాన్ తయారు: రేకుతో హార్న్, అంటే సిగ్నల్‌ను ఒకవైపుకే పంపే గరాటు లాంటి యాంటెన్నా, చేసి, పవర్ పెంచి, చిన్న సోలార్ ప్యానెల్‌తో డివైడర్ పక్కన పోల్ మీద పెట్టాలి, స్పీడుగా వచ్చే కార్లలో డిటెక్టర్లు మోగాలి, పోలీసులున్నారనుకుని వాళ్లు బ్రేకులు వేయాలి. ఇంటికి రెండు వందల చొప్పున చందా కూడా మొదలైంది. ఇది పనిచేస్తే చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా ఊరూరికీ చేసి అమ్ముదామని బావమరిది అంటున్నాడు. భార్య మాత్రం "నాన్న ఎట్లా పోయిండో చూసినం, ఇప్పుడు నువ్వు జైలుకు పోతే నా గతేంది" అని భర్తతో అంటోంది, తన తమ్ముడితో, అంటే ఆ బావమరిదితో, మాటలు మానేసింది. అన్నా, చిన్న పవరే కదా, దీనికి లైసెన్స్ కావాలా, దొరికితే ఏమవుతుంది, వద్దనుకుంటే తండ్రిని పోగొట్టుకున్న పిల్లాడికి ఏమని చెప్పాలి? ఇదీ అతని ప్రశ్న.

తమ్ముడూ, అన్నా అని రాశావు కాబట్టి నేనూ నువ్వు అనే అంటాను. ముందుగా మీ మామ గారి విషయం చదివి చాలా బాధేసింది. ఆ రోడ్డు మీద తిరిగే ఎవరికైనా డివైడర్ సందుల దగ్గర ఏం జరుగుతుందో తెలుసు. సర్వీసు రోడ్డు మీదుగా తిరిగి రావాలంటే దూరమని ట్రాక్టర్లు, ఎక్సెల్ బండ్లు, గొర్లమందలు అన్నీ అక్కడే దాటుతాయి, అవతల నుంచి వచ్చే కారుకు అక్కడొక ఊరుందన్న సోయి కూడా ఉండదు. కాబట్టి ఆ కార్ల వేగం తగ్గాలన్న నీ పట్టుదల నూటికి నూరు పాళ్లు న్యాయం. నాకు అభ్యంతరం ఉన్నది ఆ పెట్టెతోనే. చట్టం సంగతి తర్వాత చెబుతాను, అసలు అది నీ పని చేస్తుందా అన్నది ముందు చూద్దాం.

డిటెక్టర్ అంటే కేవలం వినే పరికరం. పోలీసు రాడార్లు వాడే బ్యాండ్లలో, అంటే 10.525 గిగాహెర్ట్జ్ దగ్గర ఎక్స్ బ్యాండ్, 24.150 దగ్గర కె బ్యాండ్, 33.4 నుంచి 36 దాకా కెఎ బ్యాండ్, ఎక్కడైనా సిగ్నల్ దొరికితే అరుస్తుంది. పెద్ద షాపుల్లో మనిషి రాగానే తెరుచుకునే తలుపుల సెన్సర్లు కూడా ఇవే బ్యాండ్లలో పనిచేస్తాయి, అందుకే వాటి పక్కనుంచి పోయినా డిటెక్టర్ మోగుతుంది. నీ బల్ల మీద జరిగింది అదే. అయితే మన రోడ్ల మీద పోలీసులు ఎక్కువగా వాడేది లేజర్ గన్. ట్రైపాడ్ మీద కెమెరాతో కూర్చుని ఉంటారు చూడు, అది రేడియో కాదు, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి, దాదాపు 905 నానోమీటర్లు. సన్నని కిరణం నేరుగా ఆ బండి మీదే పడుతుంది, డిటెక్టర్‌లో లేజర్ సెన్సర్ ఉన్నా అది మోగేసరికి వేగం లెక్క అయిపోయి ఉంటుంది. అందుకే ఇక్కడ డిటెక్టర్ కొనేవాళ్లు బహు తక్కువ, విదేశాల నుంచి తెచ్చుకున్న కొద్దిమంది తప్ప. మీ మామను గుద్దిన కారులో డిటెక్టర్ లేదనే అనుకో. తెల్లవారుజామున వచ్చే ప్రైవేటు బస్సులో, సిమెంటు లారీలో, సంక్రాంతికి సొంతూరికి పరుగెత్తే వేల కార్లలో ఉండదు. ఊరంతా వినాల్సిన దండోరాను ఒక్క ఇంటి ఫోనుకు చేసి చెప్పినట్టు అవుతుంది నీ పెట్టె.

ఇంకో సంగతి బావమరిదికి తప్పకుండా చెప్పు. ఇప్పటి ఖరీదైన డిటెక్టర్లలో జీపీఎస్ ఉంటుంది. ఒకే జాగలో రోజూ ఒకే ఫ్రీక్వెన్సీ వినిపిస్తుంటే అది షాపు తలుపు సెన్సర్ లాంటిదేనని గుర్తుపెట్టుకుని నోరు మూసుకుంటుంది. అంటే ఆ దారిన తరచూ పోయేవాడి డబ్బా కొన్నాళ్లకే నీ పోల్‌ను లెక్కచేయడం మానేస్తుంది. మీరు చందాలేసి కట్టింది, మొదటిసారి వచ్చిన వాడి మీద మాత్రమే పనిచేస్తుంది.

అట్లా పనిచేసినప్పుడు ఏమవుతుందో కూడా చూడు, నాకు ఎక్కువ భయం ఇక్కడే. వంద కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు పోతుంది. డబ్బా అరవగానే వాడు ముందూ వెనకా చూడకుండా బ్రేక్ తొక్కుతాడు. వెనక డీసీఎం వ్యాన్ ఉంటే? ఆ డ్రైవరుకు ఏ బీప్ వినపడదు, ఎందుకు ఆగాడో తెలియదు. పైగా నువ్వు పోల్ పెడదామనుకున్నది సరిగ్గా మనుషులు దాటే సందు దగ్గరే. ఎగిరిపడ్డ బండి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అక్కడ ఒకరికి దెబ్బ తగిలితే పోల్ మీద సోలార్ ప్యానెల్, రేకు హార్న్, నీ షాపు సోల్డరింగ్ కనబడతాయి. నిర్లక్ష్యంతో ఇతరుల ప్రాణానికి అపాయం తెచ్చిన సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో 125. ప్రాణం పోతే 106, అందులో ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. మంచి ఉద్దేశంతో చేశానని కోర్టులో చెప్పుకోవచ్చు, కానీ అనుమతి లేని పెట్టె అన్న మాట దగ్గర ఆ వాదన బలహీనపడుతుంది.

ఇక రేడియో చట్టం. చిన్న పవరే కదా అని అడిగావు. మన దేశంలో ఏ ట్రాన్స్‌మిటర్‌కైనా మామూలు సూత్రం ఒక్కటే: అనుమతి ఉండాలి, లేదా మినహాయింపు జాబితాలో ఉండాలి. చూసుకునేది టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. 1933 నాటి వైర్‌లెస్ చట్టంలో లైసెన్స్ లేని ట్రాన్స్‌మిటర్ దగ్గర ఉంచుకుంటేనే మూడేళ్ల వరకు జైలు అని రాసి ఉంది, గాలిలోకి పంపక్కర్లేదు కూడా. దాని స్థానంలోకి తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం విడతలుగా అమల్లోకి వస్తోంది, అందులోనూ రేడియో పరికరం కలిగి ఉండటానికి అనుమతి కావాలన్న సూత్రం అట్లాగే ఉంది. మరి వైఫై, బ్లూటూత్, కారు తాళం రిమోట్ ఎట్లా నడుస్తున్నాయంటావేమో. వాటికి కొన్ని బ్యాండ్లలో లైసెన్స్ మినహాయించారు, కార్లలో ఉండే 76–77 గిగాహెర్ట్జ్ రాడార్లకు కూడా. అయితే ఏ మినహాయింపైనా షరతుల మీదే నడుస్తుంది: ఇంత పవర్ దాటకూడదు, పరికరానికి ఈటీఏ అనే ఆమోదం ఉండాలి, వేరేవాళ్ల రేడియోకు అడ్డు రాకూడదు. నీ మాడ్యూల్ పేరూ ఊరూ లేని కవర్లో వచ్చింది. దానికి మీరు హార్న్ తగిలించి పవర్ పెంచాలనుకుంటున్నారు. ఆ రెండు పనులూ చేసిన క్షణం నుంచి అది ఏ మినహాయింపు కిందా నిలబడదు.

24.125 గిగాహెర్ట్జ్ ప్రపంచమంతా ఐఎస్‌ఎం బ్యాండ్, అందరిదీ అని వీడియోల్లో చెబుతారు. ప్రపంచ రేడియో నిబంధనల్లో ఆ బ్యాండ్‌ను పరిశ్రమలు, పరిశోధన, వైద్యం పరికరాల కోసం గుర్తించిన మాట నిజమే. కానీ ఏ దేశంలో ఎవరు ఎంత పవర్‌తో ఏ పని కోసం వాడాలన్నది ఆ దేశమే తేలుస్తుంది. ఆ వీడియోలు తీసేవాళ్ల దేశంలోనే చూడు. అమెరికాలో డిటెక్టర్ పెట్టుకోవడం చాలా రాష్ట్రాల్లో నేరం కాదు, వర్జీనియా, వాషింగ్టన్ డీసీ లాంటి చోట్ల మాత్రం నిషేధం. అదంతా వినడం గురించి. పంపడం దగ్గరికి వచ్చేసరికి అక్కడి ఫెడరల్ చట్టం లైసెన్స్ అడుగుతుంది, పోలీసు రాడార్‌ను కావాలని చెడగొట్టే జామర్లు అక్కడా నేరమే. రోడ్డు పనుల దగ్గర, అంబులెన్సుల మీద 24.1 గిగాహెర్ట్జ్ దగ్గర డిటెక్టర్లకు హెచ్చరిక పంపే పద్ధతి అక్కడ ఒకటి వచ్చింది. కాబట్టి మీ బావమరిది ఆలోచన పిచ్చి ఆలోచన ఏమీ కాదు. కాకపోతే అది అధికారికంగా అనుమతి తీసుకుని చేసిన పని, ఇంటి దగ్గర రేకు కత్తిరించి చేసింది కాదు.

మీ ఊరి కానిస్టేబుల్ ఏం కాదులే అన్నాడని కూడా రాశావు. ఆయన మంచి మనసుతోనే అని ఉంటాడు, కానీ రేడియో అనుమతి ఇచ్చే అధికారం ఆయనకు లేదు, స్టేషన్‌లో ఎవరికీ లేదు. పైగా రేపు ఆ రోడ్డు మీద రాడార్‌తో నడిచే స్పీడ్ కెమెరా ఏదైనా పెడితే, అదే బ్యాండ్‌లో నీ సిగ్నల్ దాని లెక్క తప్పిస్తే, పోలీసుల కళ్లకు నువ్వు రోడ్డు భద్రత కోరినవాడిలా కనిపించవు, జామర్ పెట్టినవాడిలా కనిపిస్తావు. జామర్ల విషయంలో టెలికాం శాఖ 2022లోనే స్పష్టంగా చెప్పింది, ప్రైవేటు వాళ్లు వాడటం, కొనడం, అమ్మడం ఏదీ కుదరదని. సర్కారు ఉద్యోగి పనికి అడ్డుపడ్డాడని న్యాయ సంహితలోని 221 సెక్షన్ కూడా తోడవుతుంది. జాతీయ రహదారి స్థలంలో అనుమతి లేకుండా పోల్ పాతడం 2002 నాటి జాతీయ రహదారుల (భూమి, ట్రాఫిక్) నియంత్రణ చట్టం కింద ఆక్రమణ అవుతుంది, అది ఇంకో లొల్లి.

ఇప్పుడు నీ ముందున్న దారులు. ఒకటి, ఏమైతే అయిందని పెట్టేయడం. రోడ్డు మీద ఫలితం పెద్దగా ఉండదు, బరువంతా నీ మీద, చందా ఇచ్చిన ప్రతి ఇంటి మీద పడుతుంది. ఎందుకంటే అడిగినప్పుడు మాకు తెలియదు అనడానికి వాళ్ల పేర్లు నోట్‌బుక్‌లో రాసి ఉంటాయి. తయారుచేసి ఊరూరా అమ్మడం దీనికన్నా దారుణం. 2025లో వాకీటాకీలు ఆమోదం లేకుండా అమ్ముతున్నందుకు ఆన్‌లైన్ కంపెనీలకే కేంద్ర వినియోగదారుల అథారిటీ నోటీసులు ఇచ్చింది, రేడియో పరికరాల అమ్మకానికి మార్గదర్శకాలు తెచ్చింది. పెద్ద కంపెనీలకే తప్పనిది మన షాపుకు తప్పుతుందా?

రెండోది, మాడ్యూల్‌ను అట్లాగే డ్రాయర్లో పెట్టి ప్రస్తుతానికి ఊరుకోవడం. ఇది చాలామంది చేసే పని, కానీ నీ ఇంట్లో టెన్షన్ తగ్గదు. అది కనబడుతున్నంత కాలం బావమరిది అడుగుతూనే ఉంటాడు, మీ ఆవిడ అనుమానంగానే చూస్తుంది. బిల్లు ఉంది కదా, అమ్మినవాడికి వాపసు పంపేయ్. వాళ్లు తీసుకోకపోతే ముక్కలు చేసి ఈ-వేస్ట్‌లో ఇచ్చేయ్. షాపులో ఒక్కసారి వెలిగించినందుకు నువ్వు రాత్రుళ్లు నిద్ర మానుకోనక్కర్లేదు, మళ్లీ వెలిగించకు, అంతే.

మూడోది నాకు నచ్చినది, కానీ ఓపిక కావాలి. మీకు కావలసింది డిటెక్టర్ ఉన్న ఒక్క కారు ఆగడం కాదు, అన్ని బండ్లూ నెమ్మదించడం. "మీ వేగం 94" అని పెద్ద ఎర్ర అంకెలతో చూపించే బోర్డులు చూసే ఉంటావు. వాటిలో చాలావరకు లోపల ఉండేది 24 గిగాహెర్ట్జ్ రాడారే! లారీ డ్రైవరు అంకె చూస్తాడు, బస్సు డ్రైవరు చూస్తాడు, డిటెక్టర్ ఉన్నవాడి డబ్బా కూడా మోగుతుంది, అదీ ఆమోదం ఉన్న పరికరంతో, రోడ్డు అధికారుల అనుమతితో. మీ బావమరిది కోరుకున్నది చట్టం లోపలే ఉంది, అది అతనికి చూపించు. అది ఊరు కొనేది కాదు, జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్‌ఏఐ పెట్టాలి, లేదా పోలీసు శాఖ అడిగితే ఏదైనా సంస్థ సామాజిక బాధ్యత నిధుల కింద ఇవ్వాలి. దాంతోపాటు అడగాల్సినవి: సందుకు ముందు రంబుల్ స్ట్రిప్స్ (బండిని గడగడలాడించే ఎత్తు గీతలు), రాత్రి వెలిగే సోలార్ బ్లింకర్లు, వీధి దీపాలు, వీలైతే ఆ సందు మూసేసి మనుషులకూ బండ్లకూ అండర్‌పాస్. స్పీడ్ బ్రేకర్ అడగకండి, జాతీయ రహదారి మీద మామూలుగా ఒప్పుకోరు, దాని పేరు చెప్పి మొత్తం అర్జీని పక్కన పెడతారు.

అర్జీకి బలం లెక్కలతో వస్తుంది. కేంద్ర రవాణా శాఖ నిర్వచనం ప్రకారం దాదాపు 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో ప్రాణం పోయిన లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు ఐదు జరిగినా, పది మంది చనిపోయినా అది బ్లాక్ స్పాట్. మీ సందు ఆ లెక్కలోకి వస్తుందో రాదో పోలీసు స్టేషన్ ఎఫ్ఐఆర్‌లే చెబుతాయి. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తేదీ, కిలోమీటరు రాయి నంబరు, చావులు, గాయాలు విడివిడిగా అడుగు. మీ మామ కేసు ఎఫ్ఐఆర్ నకలు మొదటి కాగితంగా పెట్టు. జిల్లా రోడ్డు భద్రత కమిటీకి కలెక్టరే అధ్యక్షుడు, కాబట్టి అర్జీ అక్కడికి పోవాలి. రోడ్డు డిజైన్, నిర్వహణ ప్రమాణాలు పాటించక ఎవరికైనా ప్రాణం పోయినా, వైకల్యం వచ్చినా బాధ్యులైన కాంట్రాక్టరు మీద, సంస్థ మీద లక్ష వరకు జరిమానా వేసే 198ఎ సెక్షన్ 2019లో మోటారు వాహనాల చట్టంలో చేరింది, ఆ సెక్షన్ నంబరు అర్జీలో రాస్తే చదివే పద్ధతి మారుతుంది. బోర్డు పడిపోయినా, దీపం వెలగకపోయినా జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి.

ఇందులో నష్టం ఏమిటంటే ఆలస్యం. నెలలు పట్టొచ్చు, ఈలోపు ఇంకో ప్రమాదం జరిగితే పెట్టె పెట్టనివ్వలేదని ఊళ్లో నిన్నే అంటారు. ఆ మాట పడాల్సి రావచ్చు, ముందే సిద్ధపడు. అందుకే ఈలోపు చేతిలో ఉన్న పని మొదలుపెట్టండి. పొద్దున పాల టైములో, బడి టైములో ఇద్దరు మనుషులు రిఫ్లెక్టర్ జాకెట్లతో సందు దగ్గర నిలబడి బండ్లు దాటించడం, ఊళ్లోని ఎడ్లబండ్లకు, ట్రాలీలకు, ఎక్సెల్ బండ్ల వెనక రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించడం. చందా పైసలు దానికి వాడదామని అందరి ముందు అడుగు. వద్దన్నవాళ్లకు రెండు వందలు వాపసు ఇచ్చి నోట్‌బుక్‌లో సంతకం పెట్టించు.

బావమరిదికి చట్టం చెప్పి ఆపాలని చూడకు, అతనికి అది పిరికితనంలా వినిపిస్తుంది. తండ్రి పోయాక అతనికి దొరికిన మొదటి ఆశ ఆ డబ్బా కేక, దాన్ని లాగేసుకుంటున్నావని అనుకుంటాడు. అందుకే డిటెక్టర్ ఉన్న కార్లు ఎన్నో అతనితోనే లెక్కపెట్టించు. ఒక ఆదివారం హోటల్ దగ్గర ఆగే కార్ల అద్దాలు చూసి రమ్మను, అతనే వచ్చి చెబుతాడు. మీ ఆవిడను ఆ అర్జీ పనిలో కలుపుకో, సంతకాల్లో మొదటిది ఆమెదే ఉండనివ్వు, అక్కాతమ్ముళ్లు మాట్లాడుకోవడానికి అదొక సాకు అవుతుంది. అతనికి రేడియో మీద అంత మోజుంటే హైదరాబాద్‌లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది, పరీక్ష రాసి హామ్ లైసెన్స్ తెచ్చుకోవచ్చు. ఆ లైసెన్స్‌తోనూ ఈ పెట్టె నడపడం కుదరదు, హామ్‌లు తమలో తాము మాట్లాడుకోవడానికే అది. కానీ వరదలప్పుడు, ఫోన్లు పనిచేయనప్పుడు ఊరికి పనికొచ్చే విద్య.

కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణి సోమవారం. అర్జీ రెండు ప్రతులు తీసుకుపో, ఒకటి ఇచ్చి రెండోదాని మీద ముద్ర, నంబరు వేయించుకో. ఆ నంబరు లేకపోతే వచ్చే నెల పోయి అడిగినప్పుడు ఏ అర్జీ అంటారు.